మెరవణి దావ ఎవరు చెప్పారు

మా బ్యాండు మేళానికి యాభై ఏళ్లు నిండాయని పోయిన ఏడు ప్రొద్దుటూరులో ఒక కల్యాణ మండపంలో సన్మానం పెట్టారు. గేటుకు ఈ చివర నుంచి ఆ చివరకు ఫ్లెక్సీ కట్టి, దాని మీద మేళం చరిత్ర రాయించారు. నిలబడి మొత్తం చదివాను. ఏ నాయకుడి ఇంట్లో వాయించామో ఉంది, ఏ నాయకుడు శాలువా కప్పాడో ఉంది. మేళంలో పనిచేసిన కళాకారులని పన్నెండు పేర్లున్నాయి. అందులో ఇద్దరు ఒక్క రోజు కూడా మాతో నడవలేదు, ఫ్లెక్సీ రాయించిన పెద్దమనిషికి బావమరుదులు. పద్నాలుగేళ్లు ముందు వరసలో క్లారినెట్టు పట్టిన ప్రకాశం పేరు మాత్రం లేదు.

వాళ్లను అడిగి లాభం లేదు. ఆ పేరు మొదట కొట్టేసినవాణ్ణి నేనే. చేయని పనికి కొట్టేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను ఏవో మెళకువలు అడుగుతుంటారు. మెళకువల కంటే ముందు ఈ సంగతి తెలుసుకోండి. నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. తర్వాతి చదువంతా అంగట్లో పొట్లాలు కట్టిన కాగితాల మీద సాగింది. రాతలో వంకరలుంటే సర్దుకోండి. విషయంలో వంకర లేకుండా చూస్తాను.

మేళం ముందు నడుస్తుంది

పాట నేర్చుకోవడానికి ఆరు నెలలు చాలు. ఎన్నేళ్లకూ పట్టుబడనిది నడక. పెండ్లికొడుకు కారులో వెనక వస్తాడు. నాయకుడు జీపులో ఇంకా వెనక వస్తాడు. ఏ వీధిలోకైనా అందరికంటే ముందు అడుగుపెట్టేది మేళమే. కాబట్టి దావ, అంటే మెరవణి ఊరేగుతూ ఎక్కడ తిరిగి ఎక్కడ నిలిచి ఎక్కడ ముగుస్తుందో ఆ దారి, అందరికంటే ముందు తెలియాల్సింది బ్యాండు మాస్టరుకే.

ఫ్యాక్షన్ నడిచిన ఆ ఏళ్లలో జమ్మలమడుగు, పులివెందుల పక్కన పెండ్లి ముహూర్తం కంటే మెరవణి దావ పెద్ద విషయం. ఒకరి మనుషులుండే వీధిలో ఇంకొకరి మేళం మోగితే సవాలు కింద లెక్క. అందుకని మాకో కట్టుబాటుండేది. కొన్ని ఇళ్ల ముందర పాట ఆపేసి, వాయిద్యాలు చంకన పెట్టుకుని, వట్టి అడుగులతో దాటిపోయేవాళ్లం. కాస్త దూరం పోయాక అదే పాటను ఆపిన చోటి నుంచే ఎత్తుకునేవాళ్లం. సినిమాలు చూసినవాళ్లకు ఫ్యాక్షన్ అంటే సుమోలు, తొడలు కొట్టడం. నాకు మాత్రం ఆ నిశ్శబ్దంలో పద్దెనిమిది మంది చెప్పుల చప్పుడు గుర్తొస్తుంది.

నాకు పని నేర్పిన పాత మాస్టరు మస్తాన్ సాబు ట్రంపెట్టును ఆకాశానికెత్తి ఊదేవాడు. జనం ఆ ఠీవి చూసి చప్పట్లు కొట్టేవాళ్లు. నాకు ఒకనాడు చెప్పాడు.

“ఎత్తి ఊదేది సొగసు కోసరం కాదురా అబ్బీ. మిద్దెల మింద ఎవురుండారో కనపడేదానికి.”

ఆయన ఎవరినీ నమ్మేవాడు కాదు. పిలిచినవాణ్ణి, పిలవనివాణ్ణి, మజ్జిగ ఇచ్చినవాణ్ణి కూడా అనుమానించేవాడు. ఆయన దగ్గర నాకు సంగీతం కంటే అనుమానమే బాగా అబ్బింది.

పోలింగు నాటి పుట్టెంట్రుకలు

ఆ అనుమానం ఉత్తదేం కాదని చెప్పడానికి ఒకటి రాస్తాను. పులివెందుల దగ్గర ఒక పల్లె నుంచి పిలుపొచ్చింది. మనవడి పుట్టెంట్రుకలు, పొద్దున తొమ్మిదికల్లా రావాలన్నారు. ఆ రోజు పోలింగని తెలిసి కూడా పోయాను. బుద్ధి తక్కువ. మమ్మల్ని ఇంటి ముందర కాకుండా బడి ప్రహరీ పక్కన నిలబెట్టారు. బడిలోనే పోలింగు.

“పిల్లోడు యాడప్పా?” అన్నాను.

ఒకామె చంకలో పిల్లవాణ్ణి చూపించారు. వాడి తల అప్పటికే నున్నగా ఉంది. గుండు చేసి వారమై ఉంటుంది.

“ఈనికి ఇంగేం గొరుగుతారు?”

“నీకెందుకు మామా? వాయించు. గట్టిగ వాయించు. నిలిపితే మల్ల బాగుండదు,” అన్నాడు మమ్మల్ని పిలిచినవాళ్లలో ఒకడు.

రెండు గంటలు ఆపకుండా వాయించాం. గోడ అవతల ఏం జరిగిందో మాకు వినిపించలేదు. ఎవరికీ వినిపించకూడదనే మమ్మల్ని పిలిచింది. భయపడ్డాను కాబట్టి వాయించాను. దీనికి వేరే పేరు పెట్టను. ఆ తర్వాత ఎవరు పిలిచినా, ఎవరి శుభకార్యం, ఆ మనిషి ఎక్కడ, ముందు నాకు చూపించండి అనేవాణ్ణి. మీరూ అడగండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.

ప్రకాశం పుస్తకం

ప్రకాశం జమ్మలమడుగువాడు. వాళ్లు తాతల నాటి నుంచి క్రైస్తవులు. చర్చిలో హార్మోనియం వాయించే పెద్దాయన దగ్గర, గీతల మీద చుక్కలు పెట్టి పాట రాసుకునే విద్య నేర్చుకున్నాడు. కొత్త సినిమా పాట వస్తే మేమంతా హోటలు రేడియో దగ్గర నిలబడి పదిసార్లు విని పట్టుకునేవాళ్లం. అతను రెండుసార్లు విని పుస్తకంలో రాసేసేవాడు.

“ఏంది రాస్తాండావు?” అన్నాను మొదటిసారి.

“పాట, మాస్టరూ.”

“పాటను రాసేదేంది? వినల్ల.”

“రాసుకుంటే మర్సిపోం గదా.”

“మర్సిపోయేటోడు మేళంలోకి ఎందుకొచ్చె?”

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. పెద్ద డ్రమ్ము వాయించే దస్తగిరి అతనికి ప్రాణస్నేహితుడు. ఏ ఊరికి పోయినా ఇద్దరూ బస్సులో ఒకే సీటు. దస్తగిరి ఆ పుస్తకం తిరగేసి, “మామా, ఈన్ని నమ్మొద్దు. ఇన్ని చుక్కలు పెట్నాడు, నా డ్రమ్ముకు ఒగటన్నా లేదు. నన్ను మనిషి కిందనే లెక్కేయల్యా,” అనేవాడు.

నేను పైకి నవ్వినా లోపల నవ్వలేదు. నా మేళంలో నేను చదవలేనిది ఒకటి ఉందని మంటగా ఉండేది. మాస్టరుకు తెలియనిది కింద పనిచేసేవాడికి తెలిస్తే, మాస్టరు దాన్ని నేర్చుకోవాలి, లేకపోతే గౌరవించాలి. నేను రెండూ చేయలేదు. అనుమానించాను.

ఆ మెరవణి

ఒక ఎలక్షన్ అయిపోయింది. జమ్మలమడుగులో గెలిచిన నాయకుడు మెరవణి పెట్టాడు. ఓడినవాళ్లు కసి మీద ఉన్నారు. ముందు రోజు మధ్యాహ్నం నాయకుడు నన్ను ఇంటికి పిలిపించి, గదిలో ఎవరూ లేకుండా చూసి దావ చెప్పాడు. పెద్ద బజారులో పోతామని ఊరంతా అనుకుంటోంది. పోయేది మాత్రం పత్తి గోదాము సందులో.

“నాకు, నా బామ్మర్దికి, నీకు. ముగ్గురికే తెలుసు,” అన్నాడు.

నేను నాలుగో మనిషికి చెప్పాను. ముందు వరసలో కుడిపక్క నడిచేవాడు ఎక్కడ తిరగాలో తెలియకుండా మేళాన్ని తిప్పలేడు. ఆ మనిషి ప్రకాశం.

రెండు రోజులుగా తుంపర పడుతోంది. అప్పటికి మా డ్రమ్ములవి తోలు మూతలే, ప్లాస్టిక్‌వి రాలేదు. తోలు చెమ్మగిల్లితే డ్రమ్ము చచ్చిపోయినట్టు పలుకుతుంది. దారిలో ఆపి మంట మీద కాచాల్సిందే. అందుకని తేమ రోజుల్లో మెరవణికి ముందే, నిలిచే చోట్ల వరిగడ్డి మోపులు దించి పెట్టడం మా పద్ధతి. ఆ పొద్దున్నే నేను రిక్షాలో రెండు మోపులు తీసుకుపోయి, ఒకటి మొదటి మలుపులో, ఒకటి పత్తి గోదాము ఎదురుగా ఉన్న సోడా అంగడి అరుగు మీద దించి, తడవకుండా గోనెపట్ట కప్పి వచ్చాను. ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని. దాని గురించి ఆలోచించనైనా లేదు.

మధ్యాహ్నం మెరవణి కదిలింది. గోదాము సందులోకి తిరిగేసరికి డ్రమ్ములు మెత్తబడ్డాయి. చెయ్యెత్తి ఆపాను. గడ్డికి నిప్పు పెట్టారు. దస్తగిరి డ్రమ్మును మంట మీదికి వంచి, “కాచండ్రప్పా, దీనికి సలి పుట్టింది,” అంటున్నాడు. మా వెనక జీపూ ఆగింది. జనమంతా ఒకే చోట నిలబడిపోయారు. సరిగ్గా అప్పుడు గోదాము మిద్దె మీద నుంచి బాంబులు పడ్డాయి.

నాయకుడు బతికాడు. అతని బావమరిది మరునాడు ఆసుపత్రిలో పోయాడు. దస్తగిరి కుడిచేతికి మూడు వేళ్లు పోయాయి.

ఒక పేరు కావాలి

నాలుగో రోజు నాయకుడి మనిషి ఓబులేసు ప్రొద్దుటూరులో మా ప్రాక్టీసు గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“దావ మా ఇంట్లోంచి పోల్యా మాస్టరూ. తెలిసిన బామ్మర్ది సచ్చిపాయ. ఇంగ మీ మేళంలోంచే పోయింటాది. ఎవురో నువ్వే తేల్చు. నువ్వు తేల్చకుంటే మేం తేలుస్తాం.”

అతను పోయాక కూర్చుని ఆలోచించాను. ఆలోచించానంటే అబద్ధం. అనుమానించాను. ప్రకాశానిది ఆ ఊరే. వాళ్లన్న ఓడినవాళ్ల పల్లెలో బడి అయ్యవారుగా పనిచేస్తున్నాడు. ఆ రోజు ప్రకాశం అరగంట ఆలస్యంగా వచ్చాడు. పైగా ఎవరూ చదవలేని ఆ పుస్తకం. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకునేసరికి నాకు చాలా తెలివైనవాణ్ణి అనిపించింది. అనుమానంలో ఉండే రుచి అదే. రుజువు లేకపోయినా కడుపు నిండినట్టుంటుంది.

మర్నాడు పొద్దున మేళమంతా ఉన్నప్పుడే అన్నాను.

“ప్రకాశం, రేపట్నుంచి నువ్వు రావద్దు.”

అతనికి వెంటనే అర్థమైంది. అందరికీ అర్థమైంది.

“మాస్టరూ, నువ్వు నిజింగ అట్లనుకుంటాండావా?”

“అనుకుంటాండా.”

ఏదో అనబోయి ఆగాడు. క్లారినెట్టు మేళానిది, నోటి దగ్గర బిగించే రీడు అతని సొంతం. మెల్లగా రీడు ఊడదీసి రుమాలులో చుట్టి జేబులో పెట్టుకుని, క్లారినెట్టును బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. చేతికి కట్టుతో మూలన కూర్చున్న దస్తగిరి అతను గడప దాటేటప్పుడు ఉమ్మేశాడు.

మిగతాచోట్ల పనిలోంచి తీసేయడమంటే పనిలోంచి తీసేయడమే. ఆ రోజుల్లో మా దగ్గర అది వేలెత్తి చూపించడం. నాకు ఆ సంగతి తెలియదని ఎప్పుడూ చెప్పుకోను. ఆ సాయంత్రానికే ఓబులేసు మనుషులు ప్రకాశం ఇంటి తలుపులు పగలగొట్టారు. అతను భార్యను, బిడ్డను తీసుకుని ముందే వెళ్లిపోయాడు కాబట్టి బతికాడు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఏ మేళమూ అతన్ని రానివ్వలేదు.

పులివెందులలో విన్నది

పద్దెనిమిదేళ్లు గడిచాయి. నాయకులు పార్టీలు మారారు. అప్పట్లో నరుక్కున్న రెండు పక్షాలూ ఒకే కండువా వేసుకున్నాయి. పులివెందులలో చీనీ, అంటే బత్తాయి తోటలున్న ఒక రైతు ఇంట్లో పెండ్లికి పోయాం. అక్కడ ఒక ముసలాయన నా పక్కన కూర్చుని వక్కాకు నములుతూ తనంతట తానే మొదలుపెట్టాడు. ఆ కాలంలో ఓడినవాళ్ల పక్షంలో తిరిగినవాడు.

“నీ మేళాన్ని నేను శానా ఏండ్ల నుంచి ఎరుగుదు మాస్టరూ. జమ్మలమడుగు గోదాము కాడ మీరు నిలబడిన పొద్దు గూడా.”

“మీకు దావ ఎవురు చెప్పిరి?” అన్నాను.

“ఎవురో చెప్పేదేంది? పొద్దున్నే నువ్వే దించితివి గదప్పా, గడ్డి. మేము నాలుగు బజార్లలో మనుషుల్ని పెట్టుకోని ఏడుస్తాంటిమి, యా పక్క పోతారో తెలీక. మావోడొగడు ఉరుక్కుంటా వచ్చి, సోడా అంగడి కాడ మేళమోళ్ల గడ్డి ఉండాదన్యా. ఆడ మంటేస్తారు, ఆడ నిలబడతారు. ఇంగేం కావల్ల?”

నవ్వి, ఉమ్మి, లేచిపోయాడు.

నేను నమ్మలేదు. తమకు చెప్పినవాణ్ణి కాపాడడానికి అల్లుతున్నాడేమో అనుకున్నాను. చూడండి, అప్పటికీ నా బుద్ధి ప్రకాశాన్నే పట్టుకుని వేలాడుతోంది. రెండు రోజులాగి జమ్మలమడుగు పోయాను. సోడా అంగడాయన ముసలివాడైపోయాడు గానీ జ్ఞాపకం గట్టిది.

“ఔ, ఆ పొద్దు ఇద్దరొచ్చి అడిగిరి, మేళం ఈడ నిలబడతాదా అని. నిలబడతాదంటి. చెప్పగూడదని నువ్వు నాకు చెప్పల్యా గదా.”

చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. నాయకుడు గది తలుపులు మూసి చెప్పిన దావను నేను పట్టపగలు రిక్షాలో వేసుకుపోయి వీధిలో దించాను.

కొండాపురం

ప్రకాశం కొండాపురం దగ్గర ముంపు పల్లెల వాళ్లకు కట్టిన కాలనీలో ఉన్నాడని తెలిసింది. చర్చిలో పాటలు నేర్పుతూ, హార్మోనియాలు బాగుచేస్తూ బతుకుతున్నాడు. నేను పోయేసరికి వసారాలో ఒక హార్మోనియం విప్పి పెట్టుకుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది.

“దా మాస్టరూ,” అన్నాడు. స్టూలు జరిపాడు. అంతే.

విన్నదంతా చెప్పాను. చేతిలో పని ఆపకుండా విన్నాడు.

“నాకు తెలుసు,” అన్నాడు.

“ఏంది తెలుసు?”

“గడ్డి సంగతి. ఆ పొద్దు నేను ఆలస్యంగ ఎందుకొస్తి? దావ ఒగసారి చూసుకుందామని గోదాము సందులోంచే వస్తి. సోడా అంగడి కాడ ఎవురో ఇద్దరు గోనెపట్ట ఎత్తి సూస్తాండ్రి. ఎవురో ఏమోలే అనుకుంటి. బాంబులు పడినంక అర్థమాయె.”

“మరి ఆ పొద్దు గదిలో చెప్పక పోతివేంది?”

“ఎవురికి చెప్పేది? ఓబులేసుకా? మాస్టరు గడ్డి వల్లనే దావ తెలిసిందని చెప్తే, అనుకోకుండా జరిగిందంటే వాళ్లు నమ్ముతారా? నువ్వు అమ్ముడుపోయినావనుకుందురు. నిన్ను నరుకుదురు. నాకంటే పోయేదానికి ఊరుండాది, పెండ్లాం, ఒగ బిడ్డే. నీకు ఐదుగురు పిల్లోళ్లు.”

నిజం రాస్తానని మొదట్లోనే అన్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను. ఆ మాట వినగానే నాకు మొదట వచ్చింది కన్నీళ్లు కాదు. ఇతను ఇదంతా ఇప్పుడు అల్లి చెబుతున్నాడేమో అన్న అనుమానం. అతను నా ముఖం చూసి కనిపెట్టేశాడు.

“నమ్మకుంటే మానేయి మాస్టరూ. నేనేం నీ ఇంటికి రాలేదు గదా.”

అప్పుడు తల వంచుకున్నాను. నేనేం చేయాలని అడిగాను.

“నన్ను అందరి ముందర పొమ్మన్యావు. వాళ్ల ముందర్నే చెప్పు. నాకు చెప్తే ఏమొస్తాది? నేను చెయ్యలేదని నాకు ఎప్పుడూ తెలుసు.”

గదిలో

ఆ నాటి పద్దెనిమిది మందిలో ప్రకాశం కాక బతికి ఉన్నది ఆరుగురం. ఒకరు మంచం మీద ఉన్నారు. మిగతా నలుగురినీ పాత ప్రాక్టీసు గదికి ఒక మధ్యాహ్నం పిలిచాను. నిలబడి చెప్పాను. గడ్డి నాది, తప్పు నాది, ప్రకాశం ఏ పాపం ఎరగడు అన్నాను.

“ఇప్పుడెందుకు మామా ఇదంతా? అందురూ ముసిలోల్లమైతిమి,” అన్నాడు ట్రంపెట్టు వాయించేవాడు.

దస్తగిరి మాత్రం నన్నే చూస్తున్నాడు.

“వానికి తెలుసునా, గడ్డని?”

“తెలుసంట.”

“తెలిసీ చెప్పల్యా?”

“చెప్పింటే నన్ను సంపుతారని.”

అతను ఎడమచేత్తో తుండుగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. కుడిచేయి ఒళ్లోనే ఉంది.

“పద్దెనిమిదేండ్లు మామా. ఎడంచేత్తో అన్నం తిన్న ప్రతిసారీ వాన్ని తిడ్తిని. రెండు పూటలా తిడ్తిని.”

నన్ను నాలుగు మాటలు అంటాడని నిలబడే ఉన్నాను. అంటే బాగుండు అనుకున్నాను. అతను లేచి చెప్పులు వేసుకున్నాడు.

“కొండాపురం బస్సు ఎన్నింటికుంది?”

“మూడున్నరకు,” ఎవరో అన్నారు.

“నేనూ వస్తా, ఉండు,” అని కండువా అందుకున్నాను.

“నువ్వొద్దు,” అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

ఆ సాయంత్రం బస్సులో అతను తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు వచ్చాడు. అక్కడ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. నేను అడగలేదు.